పేజీ నెత్తిన ప్రకరణం పేరు: రన్నింగ్ హెడ్ దానంతటదే మారేలా అమర్చుకోవడం ఎలా?

పుస్తకాన్ని మధ్యలో ఎక్కడ తెరిచినా, తాను ఏ అధ్యాయంలో, ఏ విషయం దగ్గర ఉన్నాడో పాఠకుడికి చెప్పేది పేజీ నెత్తిన ఉండే చిన్న వరుస. డీటీపీ చేసేవారు దాన్ని రన్నింగ్ హెడ్ అనీ, రన్నింగ్ టైటిల్ అనీ అంటారు. వర్డ్‌లో ఆ చోటికి హెడర్ అని పేరు. దీన్ని ఇప్పటికీ చాలామంది చేత్తోనే టైపు చేస్తున్నారు. అధ్యాయానికొక సెక్షన్ (వేరే హెడర్ పెట్టుకోగల విడి భాగం) విడగొట్టి, ఒక్కొక్క హెడర్‌లో ఆ అధ్యాయం పేరు కొట్టుకుంటూ పోతారు. రచయిత రెండో ప్రూఫులో పేరు మార్చినప్పుడు లోపల మారుతుంది గానీ పైన పాత పేరే ఉండిపోతుంది. నేను పేజీలు కట్టిన ఒక పుస్తకంలో సరిగ్గా పదహారు పేజీలకు, అంటే ఒక ఫారమంతటికీ, ముందరి అధ్యాయం పేరే అచ్చయింది. తప్పు నాదే, కాబట్టి ఆ ఫారం మళ్లీ వేయించిన ఖర్చు కూడా నాదే అయింది. అప్పటి నుంచి హెడర్‌లో శీర్షికను నేను టైపు చేయడం మానేశాను.

ఇక్కడ చెప్పే పద్ధతి ప్రధానంగా మైక్రోసాఫ్ట్ వర్డ్‌కు సంబంధించినది. మన సిద్ధాంత గ్రంథాలూ, చిన్న ప్రచురణ సంస్థల పుస్తకాలూ ఎక్కువగా అందులోనే తయారవుతున్నాయి. ఉదాహరణకు, గోదావరి డెల్టా సాగునీటి చరిత్ర మీద డెమీ ఎనిమిదో వంతు సైజులో, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో ఒక పుస్తకం కడుతున్నామనుకుందాం. అందులో ఒక అధ్యాయం పేరు ‘ధవళేశ్వరం ఆనకట్ట’; దాని కింద ‘ఆనకట్టకు ముందు’, ‘1847 నుంచి 1852 వరకు నిర్మాణం’, ‘1986 వరద’ అనే ఉపశీర్షికలు ఉన్నాయి. ఎడమ పేజీ నెత్తిన అధ్యాయం పేరు, కుడి పేజీ నెత్తిన ఆ పేజీలో నడుస్తున్న ఉపశీర్షిక రావాలన్నది మన కోరిక.

ముందుగా శీర్షికలకు స్టైల్ ఇవ్వండి

శీర్షికను బోల్డ్ చేసి, సైజు పెంచి, మధ్యకు జరిపినంత మాత్రాన అది శీర్షిక అని వర్డ్‌కు తెలియదు. దాని దృష్టిలో అది కాస్త లావుగా ఉన్న మామూలు పేరా. కాబట్టి ప్రతి అధ్యాయం పేరు మీదా కర్సర్ ఉంచి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కి ‘హెడింగ్ 1’ స్టైల్‌నూ, ప్రతి ఉపశీర్షిక మీదా కంట్రోల్, ఆల్ట్, 2 నొక్కి ‘హెడింగ్ 2’ స్టైల్‌నూ ఇవ్వండి. వాటి రూపం మీకు నచ్చకపోతే స్టైల్‌ను సవరించుకోండి గానీ, ఒక్కొక్క శీర్షికను విడివిడిగా దిద్దకండి. అధ్యాయ సంఖ్యను కూడా చేత్తో కొట్టకుండా, హెడింగ్ స్టైళ్లకు ముడిపెట్టిన మల్టీలెవెల్ లిస్ట్ ద్వారా వచ్చేలా చేయడం మంచిది. చేత్తో కొట్టిన ‘3.’ అనే అంకె శీర్షికలో భాగమైపోయి, మీరు కోరినా కోరకపోయినా హెడర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది.

పేజీల అమరిక

‘లేఅవుట్’ ట్యాబ్‌లో ‘మార్జిన్స్’ నొక్కి ‘మిర్రర్డ్’ ఎంచుకోండి; దీనివల్ల కుట్టు వైపు ఖాళీ ఎడమ పేజీలోనూ కుడి పేజీలోనూ సరైన దిక్కుకు వస్తుంది. తరువాత పేజీ పైభాగంలో రెండుసార్లు క్లిక్ చేస్తే హెడర్ తెరుచుకుంటుంది, దానితోపాటు ‘హెడర్ అండ్ ఫుటర్’ అనే ట్యాబ్ కూడా కనిపిస్తుంది. అందులో ‘డిఫరెంట్ ఆడ్ అండ్ ఈవెన్ పేజెస్’, ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ అనే రెండు గళ్లకూ టిక్కు పెట్టండి. మొదటిది పుస్తకమంతటికీ ఒకేసారి వర్తిస్తుంది. రెండవది మాత్రం సెక్షన్ సెక్షన్‌కూ వేరు. అధ్యాయం మొదలయ్యే పేజీలో పెద్ద అక్షరాలతో అధ్యాయం పేరు ఉండగా, దాని నెత్తినే మళ్లీ అదే పేరు చిన్న అక్షరాలతో కనిపించడం బాగుండదు కాబట్టి, ఆ పేజీ హెడర్‌ను ఖాళీగా వదిలి పేజీ సంఖ్యను అడుగున పెట్టడం అచ్చు రంగంలో పాత ఆనవాయితీ. రెండో టిక్కు అందుకోసమే.

ఇప్పుడే సెక్షన్లు విడగొట్టవద్దు. హెడర్లన్నిటినీ మొదటి సెక్షన్‌లోనే పూర్తిగా అమర్చుకున్న తరువాత బ్రేకులు పెడితే, కొత్తగా ఏర్పడే సెక్షన్లు ఆ అమరికనంతా వారసత్వంగా తీసుకుంటాయి. ముందే విడగొడితే ఇరవై అధ్యాయాలకూ అదే పనిని ఇరవై సార్లు చేయవలసి వస్తుంది.

హెడర్‌లో ఫీల్డ్ పెట్టడం

ఎడమ పేజీ, అంటే సరిసంఖ్య పేజీ హెడర్‌లో కర్సర్ ఉంచండి. ‘ఇన్‌సర్ట్’ ట్యాబ్‌లో ‘క్విక్ పార్ట్స్’ నొక్కి, అందులో ‘ఫీల్డ్’ ఎంచుకోండి; ఫీల్డ్ అంటే మరోచోటి మాటలను దానంతటదే తెచ్చి చూపే గుర్తు. వచ్చిన పెట్టెలో ‘లింక్స్ అండ్ రిఫరెన్సెస్’ అనే వర్గంలో ‘స్టైల్‌రెఫ్’ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే పక్కన మీ దస్త్రంలోని స్టైళ్ల జాబితా వస్తుంది. ‘హెడింగ్ 1’ ఎంచుకుని ఓకే అనండి. హెడర్‌లో ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అని దానంతటదే పడుతుంది. తరువాతి అధ్యాయంలోకి వెళ్లి చూస్తే అక్కడి సరిసంఖ్య పేజీల్లో ఆ అధ్యాయం పేరు కనిపిస్తుంది. పుస్తకమంతటికీ హెడర్ ఒక్కటే. పేరు మాత్రం ఎక్కడికక్కడ మారుతుంది.

అధ్యాయ సంఖ్య కూడా కావాలంటే, ఆ ఫీల్డ్‌కు ముందు మరొక స్టైల్‌రెఫ్‌ను అదే స్టైల్‌తో పెట్టి, ఈసారి పక్కనున్న ఎంపికల్లో ‘ఇన్‌సర్ట్ పేరాగ్రాఫ్ నంబర్’ గడికి టిక్కు పెట్టండి. ఆ ఫీల్డ్ అంకెను మాత్రమే ఇస్తుంది. రెండింటి మధ్య చుక్కో, ఖాళీయో మీరే టైపు చేసుకోవాలి.

కుడి పేజీ, అంటే బేసి సంఖ్య పేజీ హెడర్‌లో ‘హెడింగ్ 2’తో ఇలాగే ఫీల్డ్ పెట్టండి. అసలు ఆలోచించవలసిన సంగతి ఇక్కడే మొదలవుతుంది.

ఒకే పేజీలో రెండు ఉపశీర్షికలుంటే ఏది పైకి ఎక్కాలి?

మన పుస్తకంలో 47వ పేజీ పైభాగంలో ‘ఆనకట్టకు ముందు’ అనే భాగం చివరి పేరా ఉంది. దాని కింద ‘1847 నుంచి 1852 వరకు నిర్మాణం’ అనే ఉపశీర్షిక. అది పొట్టిగా ముగిసి, పేజీ అడుగున ‘1986 వరద’ మొదలైంది. ఆ పేజీ నెత్తిన ఈ మూడింటిలో ఏ పేరు ఉండాలి? పేజీ తెరవగానే కంటికి తగిలేది మొదటి విషయం. పేజీ తిప్పేటప్పటికి నడుస్తున్నది మూడవది. పేజీలో కొత్తగా మొదలైనవాటిలో ముందున్నది రెండవది.

స్టైల్‌రెఫ్ మామూలుగా రెండవదానినే ఎంచుకుంటుంది. హెడర్‌లో ఉన్న ఆ ఫీల్డ్ ముందుగా ఆ పేజీలోనే పైనుంచి కిందికి వెతుకుతుంది. మీరు చెప్పిన స్టైల్ ఉన్న మొదటి పేరా దొరకగానే దాన్ని తీసుకుంటుంది. ఆ పేజీలో ఏదీ లేకపోతే వెనక్కి, పుస్తకం మొదటి వైపుకు వెతుక్కుంటూ పోతుంది. వెనుక కూడా లేకపోతే ముందుకు చూస్తుంది. ఫీల్డ్ పెట్టేటప్పుడు ‘సెర్చ్ ఫ్రమ్ బాటమ్ ఆఫ్ పేజ్ టు టాప్’ అనే గడికి టిక్కు పెడితే, పేజీలో అడుగునుంచి పైకి వెతికి చివరి ఉపశీర్షికను, అంటే మన ఉదాహరణలో ‘1986 వరద’ను, తీసుకుంటుంది.

నా అలవాటు ఏమిటంటే, కుడి పేజీలో ఉపశీర్షిక పెడుతున్నప్పుడు ఈ టిక్కు తప్పకుండా పెడతాను. ఎడమ పేజీలో కూడా ఉపశీర్షికలే పెట్టవలసి వస్తే అక్కడ టిక్కు లేకుండా వదిలేస్తాను. అప్పుడు తెరిచిన రెండు పేజీల్లో ఎడమ చివర మొదటి విషయం, కుడి చివర ఆఖరి విషయం కనిపిస్తాయి. నిఘంటువు పేజీల నెత్తిన మొదటి మాట, చివరి మాట ఉండేది ఈ లెక్కనే. మీరు కడుతున్నది నిజంగా నిఘంటువో, పదకోశమో అయితే, ఆరోపాలన్నిటికీ, అంటే అర్థం చెప్పే తలమాటలన్నిటికీ, ఒక క్యారెక్టర్ స్టైల్ (పేరా మొత్తానికి కాక ఎంచుకున్న మాటలకే ఇచ్చే స్టైల్) ఇచ్చి, ఎడమ హెడర్‌లో టిక్కు లేని ఫీల్డ్‌ను, కుడి హెడర్‌లో టిక్కు ఉన్న ఫీల్డ్‌ను ఆ స్టైల్‌కు చూపితే చాలు. ‘అంకె’ నుంచి ‘అంగడి’ వరకు పాఠకుడు వేలు పెట్టి వెతుక్కోగలుగుతాడు.

పై ఉదాహరణలోని 47వ పేజీలో మొదటి విషయాన్ని, అంటే వెనుక పేజీ నుంచి కొనసాగి వస్తున్న ‘ఆనకట్టకు ముందు’ను, చూపించే ఎంపిక వర్డ్‌లో లేదు. 1978లో డొనాల్డ్ నూత్ మొదట విడుదల చేసిన, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ టెక్‌లో మాత్రం ఉంది. అందులో శీర్షిక దగ్గర ఒక గుర్తు పడుతుంది. పేజీ కట్టేటప్పుడు, అంతకుముందటి నుంచి వస్తున్న గుర్తు, పేజీలో మొదటి గుర్తు, పేజీలో చివరి గుర్తు అనే మూడింటినీ అది విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. దాని మీద కట్టిన లేటెక్‌లో మామూలు పుస్తకపు అమరికలో ఎడమ పేజీకి పేజీలోని చివరి అధ్యాయం పేరు, కుడి పేజీకి పేజీలోని మొదటి ప్రకరణం పేరు పోతాయి. నేను చెప్పిన అలవాటుకు ఇది తిరకాసుగా ఉన్నా, అధ్యాయం ఎప్పుడూ కొత్త పేజీలోనే మొదలవుతుంది కాబట్టి ఎడమవైపు తేడా తెలియదు.

పక్క అధ్యాయం ఉపశీర్షిక చొరబడటం

పేజీలో ఉపశీర్షిక లేకపోతే ఫీల్డ్ వెనక్కి వెతుకుతుందన్నాం కదా, ఎంతవరకు వెనక్కి పోవాలో దానికి తెలియదు. అధ్యాయం హద్దును అది పట్టించుకోదు. ‘కాలువల తవ్వకం’ అనే కొత్త అధ్యాయం ఉపశీర్షిక లేకుండా మొదలై నాలుగు పేజీలు నడిచిందనుకోండి. మొదటి పేజీలో హెడర్ లేదు కాబట్టి బతికిపోయాం. మూడో పేజీ కుడివైపున మాత్రం పాత అధ్యాయంలోని ‘1986 వరద’ దర్జాగా నిలబడి ఉంటుంది. కాలువల తవ్వకం గురించి చదువుతున్న పాఠకుడు, ఎదురు పేజీ నెత్తిన సరైన అధ్యాయం పేరే చూస్తూ, ఇటు తలెత్తితే వరద కనిపించి బిత్తరపోతాడు.

దీనికి ఫీల్డులతోనే షరతులు రాసి చేసే చిట్కాలు ఉన్నాయి గానీ, వాటిని సిఫారసు చేయలేను. ఆరు నెలల తరువాత దస్త్రం తెరిస్తే రాసినవారికే అర్థం కావు. అధ్యాయం పేరు కింద వెంటనే ‘నేపథ్యం’ అనో, ‘తొలి మాట’ అనో ఒక ఉపశీర్షిక పెట్టమని రచయితను అడగడమే సులువైన దారి. రచయిత ఒప్పుకోకపోతే కుడి పేజీలో ఉపశీర్షికను వదిలేసి, ఎడమ పేజీలో పుస్తకం పేరు, కుడి పేజీలో అధ్యాయం పేరు పెట్టండి. ఉపశీర్షికలు దూరదూరంగా ఉన్న పుస్తకానికి అదే తగిన పద్ధతి కూడా.

పొడుగాటి పేర్లు

డెమీ పేజీలో మార్జిన్లు పోగా మిగిలేది నాలుగు అంగుళాల పైచిలుకు. అందులో పేజీ సంఖ్యకు చోటు పోతే, నాలుగైదు మాటల పేరు మాత్రమే హాయిగా పడుతుంది. ‘ఆర్థర్ కాటన్ నివేదికలు, వాటిపై మద్రాసు ప్రభుత్వ స్పందన: ఒక పరిశీలన’ వంటి శీర్షిక రెండో వరుసలోకి దిగి, కింద ఉన్న వచనాన్ని కిందికి నెడుతుంది. అప్పుడు ఆ పేజీలో ఒక వరుస తగ్గి, ఎదురు పేజీతో అడుగు కలవదు.

దీనికి మందు ఒక క్యారెక్టర్ స్టైల్. స్టైల్స్ పలకలో ‘న్యూ స్టైల్’ నొక్కి, స్టైల్ రకం దగ్గర ‘క్యారెక్టర్’ ఎంచుకుని, దానికి ‘పొట్టి పేరు’ అని పేరు పెట్టండి. బోల్డ్ గానీ రంగు గానీ ఏమీ ఇవ్వవద్దు. తరువాత శీర్షికలో ‘ఆర్థర్ కాటన్ నివేదికలు’ అనే మాటలను మాత్రమే ఎంపిక చేసి ఆ స్టైల్ ఇవ్వండి. చూపులో ఏ తేడా రాదు. హెడర్‌లోని ఫీల్డ్‌ను ‘హెడింగ్ 1’కు బదులు ‘పొట్టి పేరు’కు చూపితే, ఆ మూడు మాటలే పైకి వస్తాయి. ఎంపిక చేసే మాటలు పక్కపక్కనే ఉండాలన్నది గుర్తుంచుకోండి. మరొక సంగతి, పొట్టి శీర్షికలున్న అధ్యాయాలకు కూడా శీర్షిక మొత్తానికి ఈ స్టైల్ ఇవ్వక తప్పదు. ఒక్కదానికి మరిచిపోయినా వెనుక అధ్యాయం పేరు అక్కడికి పాకుతుంది.

తెలుగు అక్షరం అడిగే చోటు

ఇంగ్లీషు పుస్తకాల పద్ధతి చెప్పేవారు హెడర్‌ను చిన్న క్యాపిటల్ అక్షరాల్లో, లేదా ఇటాలిక్‌లో పెట్టమంటారు. మనకు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు లేవు. గుండ్రటి తెలుగు అక్షరాన్ని పక్కకు వాలిస్తే పడిపోతున్నట్టు ఉంటుంది. వచనం కంటే రెండు పాయింట్లు తక్కువ సైజు, కింద ఒక సన్నని గీత చాలు.

అయితే ఆ గీత దగ్గరే చిక్కు. ‘శాస్త్రం’ అనే మాట రాసి చూడండి: సకారం కింద తవత్తు, దాన్ని చుట్టి రవత్తు దిగుతాయి. హెడర్ పేరాకు కింది అంచు గీతను వర్డ్ మామూలుగా ఒక పాయింటు దూరంలోనే గీస్తుంది. వత్తులు వెళ్లి దాన్ని తాకుతాయి. ‘బోర్డర్స్ అండ్ షేడింగ్’ పెట్టెలో ‘ఆప్షన్స్’ నొక్కి, వచనం నుంచి గీతకు దూరాన్ని నాలుగు నుంచి ఆరు పాయింట్లకు పెంచండి. అలాగే హెడర్ పేరాకు వరుసల ఎడం ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగిస్తే పైన గుడులో, కింద వత్తులో తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ‘సింగిల్’గానే ఉంచండి.

సైజు తగ్గించినా తెలుగు అక్షరాలు తగ్గకపోతే ఆశ్చర్యపోకండి. ‘ఫాంట్’ పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే విడి గడి ఉంటుంది. తెలుగు ఖతి (ఫాంట్), దాని సైజు అక్కడ మార్చాలి. ఇక యూనికోడ్ కాని పాత ఖతుల్లో, ఉదాహరణకు అను ఖతుల్లో, టైపు చేసిన పుస్తకమైతే, ఫీల్డ్ శీర్షికలోని మాటలను తెస్తుంది గానీ హెడర్ ఖతిలోనే చూపుతుంది. ‘హెడర్’ స్టైల్‌కు కూడా అదే ఖతి ఇవ్వకపోతే పైన ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం దర్శనమిస్తుంది.

పేజీ సంఖ్యను బయటి అంచుకు నెట్టడానికి ట్యాబ్ కొడితే అది మార్జిన్ దాటి ఎక్కడికో పోవచ్చు. ‘హెడర్’ స్టైల్‌లో ముందే ఉన్న ట్యాబ్ స్థానాలు పెద్ద కాగితం కొలతకు పెట్టినవి, డెమీ పేజీకి సరిపోవు. వాటిని తీసేసి, ‘హెడర్ అండ్ ఫుటర్’ ట్యాబ్‌లోని ‘ఇన్‌సర్ట్ అలైన్‌మెంట్ ట్యాబ్’తో ‘రైట్’ ఎంచుకుంటే, కాగితం సైజు ఏదైనా అది మార్జిన్‌కే అతుక్కుంటుంది.

అధ్యాయాలను విడగొట్టడం

ఇప్పుడు ప్రతి అధ్యాయం పేరుకు ముందు కర్సర్ ఉంచి, ‘లేఅవుట్’ ట్యాబ్‌లో ‘బ్రేక్స్’ నొక్కి ‘ఆడ్ పేజ్’ అనే సెక్షన్ బ్రేక్ పెట్టండి. అధ్యాయం కుడి పేజీలోనే మొదలవుతుంది. ఎడమవైపు ఖాళీ పేజీ అవసరమైతే వర్డే చేరుస్తుంది. ఆ పేజీ మీద హెడర్ గానీ సంఖ్య గానీ పడదు. అది తెరమీద మామూలుగా కనిపించదు, పీడీఎఫ్‌లోనే కనిపిస్తుంది కాబట్టి పేజీల లెక్క తప్పిందని కంగారుపడవద్దు.

ముందుమాట, విషయసూచిక ఉన్న తొలి పేజీలకు హెడర్ వద్దనుకుంటే మొదటి అధ్యాయపు సెక్షన్‌లోకి వెళ్లి ‘లింక్ టు ప్రీవియస్’ను విడదీయండి. మొదటి పేజీ హెడర్, సరి పేజీ హెడర్, బేసి పేజీ హెడర్ అనే మూడింటికీ విడివిడిగా, ఫుటర్లకు మళ్లీ విడిగా ఈ పని చేయాలి. ఒక్కటి మరిచిపోయి ముందరి పేజీల్లో హెడర్ చెరిపితే, పుస్తకమంతటా ఆ వైపు పేజీల్లో అది మాయమవుతుంది. విడదీసిన తరువాతనే తొలి పేజీల హెడర్లు ఖాళీ చేయండి.

మిగతా సాఫ్ట్‌వేర్లలో

అడోబీ వారి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఈ సౌకర్యం 2007 నాటి సీఎస్3 నుంచి ఉంది. ‘టైప్’ మెనూలో ‘టెక్స్ట్ వేరియబుల్స్’, అందులో ‘డిఫైన్’ నొక్కి కొత్త వేరియబుల్ చేసి, రకం ‘రన్నింగ్ హెడర్’ అనీ, స్టైల్ ఏదో, ‘ఫస్ట్ ఆన్ పేజ్’ కావాలో ‘లాస్ట్ ఆన్ పేజ్’ కావాలో చెప్పి, పేరెంట్ పేజీ (పాత వెర్షన్లలో మాస్టర్ పేజీ) మీది పెట్టెలో చేర్చితే సరి. ఒక్క లోపం ఉంది: ఆ వేరియబుల్ రెండో వరుసలోకి విరగదు. పేరు పొడుగైతే అక్షరాలన్నీ నొక్కుకుపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అక్కడ పొట్టి పేరు స్టైల్ సౌకర్యం కాదు, అవసరం. లిబ్రేఆఫీస్ రైటర్‌లో పేజీ స్టైల్‌లో హెడర్ తెరిచి, కంట్రోల్, ఎఫ్2 నొక్కితే వచ్చే ఫీల్డుల పెట్టెలో ‘చాప్టర్’ (కొత్త వెర్షన్లలో ‘హెడింగ్’) ఫీల్డ్‌ను ఎంచుకుని, ఎన్నో స్థాయి శీర్షిక కావాలో చెప్పాలి.

ప్రెస్సుకు పంపే ముందు

హెడర్‌లో ‘ఎర్రర్! నో టెక్స్ట్ ఆఫ్ స్పెసిఫైడ్ స్టైల్ ఇన్ డాక్యుమెంట్’ అని కనిపిస్తే, ఫీల్డ్ చెప్పిన స్టైల్ పుస్తకంలో ఎక్కడా వాడలేదని అర్థం. చాలాసార్లు స్టైల్ పేరు మార్చి ఫీల్డ్‌ను మరిచిపోవడమే కారణం. ఫీల్డ్ మీద షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే లోపలి రాత కనిపిస్తుంది, సరిదిద్ది మళ్లీ అదే నొక్కి మూసి, ఎఫ్9తో తాజా చేయండి.

తరువాత పీడీఎఫ్ తీసి, రెండు పేజీలు పక్కపక్కన కనిపించేలా పెట్టుకుని, వచనం చదవకుండా నెత్తులు మాత్రమే చూస్తూ తిప్పండి. ప్రతి అధ్యాయం రెండు, మూడు పేజీల దగ్గరా, ఒకటికి మించి ఉపశీర్షికలున్న పేజీల దగ్గరా ఆగి లోపలి శీర్షికతో పోల్చండి. రెండువందల నలభై పేజీల పుస్తకానికి ఈ పని పావుగంటలో అయిపోతుంది. ఆ తరువాత రచయిత ఫోన్ చేసి మూడో అధ్యాయం పేరు మారుద్దామంటే, శీర్షిక దగ్గర మార్చి, కొత్త మాటలకు ‘పొట్టి పేరు’ స్టైల్ అంటుకుందో లేదో చూసి, మళ్లీ పీడీఎఫ్ తీస్తే సరిపోతుంది.